గురక, పాట, కేక

యానాంలో అగ్రహారం మలుపులో ఉన్న దుర్గాశ్రీ రేకుల షెడ్డులోకి ఎవరొచ్చినా ముందు అడిగే మాట ఒకటే. "సార్ లేరాండీ?"

చేతిలో స్క్రూడ్రైవరు, జేబులో టెస్టరు, ముంజేతికి గాజులా ఇన్సులేషన్ టేపు చుట్ట పెట్టుకుని ఆమె ఎదురుగానే నిలబడి ఉండేది. అయినా వచ్చినవాళ్ళ చూపు ఆమె భుజం మీంచి లోపలికెళ్ళి, అక్కడ లేని సారు కోసం వెతికేది. "సారూ నేనే, మేడమూ నేనే. చెప్పండి" అనడం ఆమెకు అలవాటైపోయింది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుని, ఆరేళ్ళు ఇంకొకరి దగ్గర చేసి, కిందటేడే సొంతంగా షెడ్డు తీసుకుంది. ఇంజరం నుంచి రోజూ పొద్దున్నే స్కూటీ మీద వస్తుంది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకు ప్యానెల్ బోర్డులు కట్టడం ఆమె పని. ఇనప పెట్టె, దాని తలుపు మీద మీటర్లు, రంగు దీపాలు, మీటలు. రైతు గట్టు మీద నిలబడి ఒక్కసారి చూస్తే ఏ మోటారు తిరుగుతోందో, ఏది ఇబ్బంది పడుతోందో తెలిసిపోవాలి.

పెదబాబు మాత్రం సారు గురించి అడగలేదు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి, అరవై దాటి ఉంటాయి. షెడ్డులోకి వస్తూనే, అప్పుడే కట్టి గోడకు ఆనించిన ప్యానెల్ ముందు గొంతుక్కూర్చుని దాని మీటర్లను ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత తలెత్తి, ఏటికి అవతలి గట్టున ఉన్నవాళ్ళను పిలిచినంత గట్టిగా అడిగాడు.

"అమ్మాయ్! ఇది నువ్వే కట్టేవా?"

దుర్గాశ్రీ ఉలిక్కిపడి, అవునని చెప్పింది. ఆయన ఆమె పెదాల వంక చూసి, తల అడ్డంగా ఊపి, రెండు చెవులూ చూపించాడు. "ఇవి పోయేయి. రాసి చూపించు."

పక్కనున్న అట్టపెట్టె మీద మార్కరుతో రాసింది. 'నేనే కట్టాను.'

"అయితే నా కారుకి ఇలాంటిది ఒకటి కట్టిపెట్టు" అన్నాడు పెదబాబు.

ఆ మధ్యాహ్నం ఆయన చెప్పాడు, ఆమె రాసి అడిగింది. పెదబాబుది ఫరంపేట. నలభై ఏళ్ళు కాకినాడ, అమలాపురం, రాజమండ్రి రూట్లలో కిరాయికి కారు తిప్పాడు. ఇప్పుడున్న తెల్ల డీజిలు అంబాసిడర్ కొని పాతికేళ్ళు. దాని డాష్‌బోర్డు మీద మీటర్లు చచ్చిపోయి పదిహేనేళ్ళైనా ఆయనకు వాటి అవసరమే రాలేదు. ఇంజను ఏం చెబుతోందో ఆయనకు వినపడేది. బేరింగు పోబోతోందన్నా, బెల్టు వదులైందన్నా, ఆయిలు తగ్గిందన్నా వారం ముందే చెప్పేసేవాడు. తోటి డ్రైవర్లు తమ బళ్ళు తెచ్చి, "అన్నయ్యా, ఒక్కసారి విని చెప్పు" అని బానెట్ ఎత్తి నిలబడేవారు.

రెండేళ్ళ కిందట మెదడువాపు జ్వరం వచ్చింది. ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది, చెవులు దక్కలేదు. పరీక్షలన్నీ అయ్యాక సొంత బండి నడుపుకోడానికి లైసెన్సు ఉంచారు. కిరాయిలు మాత్రం ఆయనే మానేశాడు. భార్య సత్యవతమ్మను ఎక్కించుకుని ఒకరోజు కాకినాడ బయల్దేరితే, తాళ్ళరేవు దాటాక ఫ్యాను బెల్టు తెగింది. తెగేముందు అది ఎంత కీచుమని ఉంటుందో! ఆయనకు వినపడలేదు. ఇంజను కుతకుతా ఉడికిపోయి, హెడ్డు పాడైపోయి, నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"హెడ్డు బాగు చేయించేను. కానీ నడపాలంటే భయమేస్తోందమ్మాయ్. కళ్ళకు గంతలు కట్టుకుని నడిపినట్టుంది. ఆయిలు ఎంత బలంగా కొడుతోందో, ఇంజను ఎంత వేడెక్కిందో, బేటరీ నిండుతోందో లేదో, ఎంత జోరుగా తిరుగుతోందో, ఆ నాలుగూ నాకు కంటికి కనపడాలి."

'కార్ల పని నాకు రాదు' అని రాసింది దుర్గాశ్రీ.

పెదబాబు అది చదివి నవ్వాడు. "చెరువుల పని పుట్టినప్పుడే వచ్చిందేటి?"

ఆ మాటకు ఆమెకూ నవ్వొచ్చింది. మర్నాడు వచ్చి బండి చూస్తానని రాసింది.

* * *

ఫరంపేటలో ఇంటి ముందు నీలం టార్పాలిన్ కింద ఉంది కారు. అరుగు మీద సత్యవతమ్మ ఎండు రొయ్యపొట్టు చెరుగుతోంది. దుర్గాశ్రీని చూసి చేట పక్కన పెట్టింది.

"మీటర్లు పెట్టే అమ్మాయివి నువ్వేనా? పెట్టుకోమను. మీటర్లు పెట్టుకున్నా, టీవీ పెట్టుకున్నా సరే. నేను మాత్రం ఆ బండెక్కను."

"ఎందుకు పిన్నిగారూ?"

"ఆ రోజు పొగ ముందు నాకే కనపడింది. ఆపండి, ఆపండి అని గొంతు చించుకున్నాను. పక్కసీట్లోనే ఉన్నాను. భుజం తడితే, ఏవో కబుర్లు చెబుతున్నాననుకుని తలూపి నవ్వేరు. కాపరానికొచ్చి నలభై రెండేళ్ళు. నేను వంటింట్లోంచి చిన్నగా పిలిస్తే వీధిలోంచి పలికే మనిషి. నా కేక ఆయనకు చేరే మీటరేదన్నా ఉంటే చెప్పు, అప్పుడు ఎక్కుతాను."

దుర్గాశ్రీ టార్పాలిన్ తీయించి కారులో కూర్చుంది.

డాష్‌బోర్డు మధ్యలో పగుళ్ళిచ్చిన పాత మీటర్ల పలక ఉంది. ముళ్ళన్నీ పడుకుని ఉన్నాయి. ఆమె కొలతలు తీసుకుంటూ, ఏ మీటరు ఎక్కడ ఉండాలో, ఏ అంకె దగ్గర ఎర్రగీత గీయాలో చెప్పమని రాసి అడిగింది. పెదబాబు అంకెలు చూసి తల గోక్కున్నాడు. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆయన జన్మలో లెక్క పెట్టలేదు. బండి స్టార్ట్ చేసి, చెప్పు విడిచి ఉత్త పాదం నేల మీద ఆనించాడు. గేరు రాడ్డు మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"ఇదిగో, ఇది గురక. నిలబెట్టినప్పుడు ఇలాగే ఉండాలి. ఇంతకంటే నెమ్మదైతే ఆగిపోతాది." కొంచెం ఏక్సిలేటరు తొక్కాడు. "ఇక్కడ గొంతు లేస్తాది. ఇక్కణ్ణుంచి పాట. కాకినాడ రోడ్డు మీద ఇలాగే పాడుకుంటా వెళ్ళాలి." ఇంకొంచెం తొక్కాడు. కారు మొత్తం అదిరింది. "ఇది కేక. కేక పెట్టించకూడదు."

దుర్గాశ్రీ తన దగ్గరున్న మీటరు తగిలించి, ఆయన చెప్పిన ప్రతిచోటా చుట్లు ఎన్నో చూసి నోటు పుస్తకంలో రాసుకుంది. మూడుసార్లు మళ్ళీ మళ్ళీ చేయించింది. మూడుసార్లూ ఆయన గురక ఒక్కచోటే ఉంది, పాట ఒక్కచోటే మొదలైంది. చెవులు పోయినా మనిషిలో ఆ చప్పుడు చెక్కుచెదరకుండా ఉంది.

అప్పుడే ఆమెకు తోచింది. ఈయనకు అంకెలెందుకు?

* * *

కాకినాడ నుంచి నాలుగు మీటర్లు తెప్పించింది. చీమ తలంత అంకెలతో ఉన్నాయవి. ఒక్కొక్కదాని అద్దం విప్పి, ముల్లు వంగకుండా పంటిబిగువున ఊపిరి ఆపుకుని, పాత ముఖం మీద తను వేయించిన స్టిక్కరు అతికించింది. ఇంజను జోరు చూపే మీటరు మీద మూడే మాటలు: గురక, పాట, కేక. పాట ఉన్నంత మేరా ఆకుపచ్చ పట్టీ. వేడి మీటరు మీద చలి, బాగుంది, వేడి, ఆపు. ఆయిలు మీటరు మీద బలం, నీరసం. బేటరీ మీటరు మీద నిండుతోంది, తరుగుతోంది. తెలుగు అక్షరాలు అంత చిన్నచోట పట్టించడానికి రెండు రోజులు పట్టింది.

వేడి మీటరు నిజమే చెబుతోందో లేదో చూడాలి కాబట్టి, ఇంజనులో బిగించే సెన్సారును ఇంటికి పట్టుకెళ్ళింది. గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, అందులో సెన్సారూ థర్మామీటరూ వేలాడదీసి, మీటరు ముల్లు చూస్తూ కూర్చుంది. వాళ్ళమ్మ పొయ్యి దగ్గరకొచ్చి గిన్నెలోకి తొంగిచూసింది. "ఇవాళ ఇదేనా పులుసు?"

"దించకమ్మా, ఇంకా 'ఆపు' రాలేదు" అంది దుర్గాశ్రీ.

పలక పని అన్నిటికంటే కష్టమైంది. చెరువుల పెట్టెకు నలుచదరం రేకు చాలు. ఈ డాష్‌బోర్డు ఎక్కడా తిన్నగా లేదు. పాత క్యాలెండరు అట్ట కత్తిరించి పెట్టి చూసింది. మొదటి అట్ట ఎడమ పక్క ఎత్తుగా వచ్చింది, రెండోది స్టీరింగుకు అడ్డొచ్చింది, మూడోది అతికినట్టు సరిపోయింది. దాని ప్రకారం అల్యూమినియం రేకు కోసి గుండ్రటి తూట్లు వేసింది. మూడు తూట్లు ముచ్చటగా వచ్చాయి. నాలుగోది వేస్తుంటే డ్రిల్లు జారి, నువ్వుగింజంత పక్కకు పోయింది. మీటరు బిగిస్తే ఎవరికీ కనపడదు. కానీ తనకు తెలుసు కదా. ఆ రేకు తీసి అవతల పారేసి, కొత్త రేకు మీద మళ్ళీ మొదటి తూటు నుంచి మొదలుపెట్టింది. అంచులు ఆకురాయితో రాసి, మెరుపు లేని నల్ల రంగు కొట్టింది. ఎండలో వెలుగు తిప్పికొట్టి ఆయన కళ్ళు చెదరకూడదని.

బిగించే రోజున వీరబాబు వచ్చాడు. ఆయన మెకానిక్కు, పెదబాబుకు ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు. కిందటేడు హెడ్డు బాగు చేసింది కూడా ఆయనే. బండి అమ్మేయమని మొదట్నుంచీ పోరుతున్నాడు.

"చెప్తే వినడుగా. వినలేడు కూడాను" అన్నాడు దుర్గాశ్రీతో. "అమ్మాయ్, నువ్వు చెరువుల్లో పనిచేసుకునేదానివి. ఈ బొమ్మల కొలువు ఎందుకు పెడుతున్నావు?"

ఆమె ఆఖరి నట్టు బిగించింది. పెదబాబు తాళం తిప్పాడు. నాలుగు ముళ్ళూ ఒక్కసారి నిద్రలేచినట్టు లేచాయి. ఆయిలు 'బలం'లోకి, బేటరీ 'నిండుతోంది'లోకి, ఇంజను 'గురక'లోకి. కాసేపటికి వేడి మీటరు 'చలి' నుంచి 'బాగుంది'లోకి మెల్లగా జరిగింది. పెదబాబు ఆ ముళ్ళవంక, తప్పిపోయి దొరికిన మనుషుల్ని చూసినట్టు చూశాడు. చూడ్డానికొచ్చిన ఇరుగుపొరుగు చప్పట్లు కొట్టారు.

"హెడ్‌లైట్లు వెయ్యి" అని సైగ చేశాడు వీరబాబు.

పెదబాబు లైట్లు వేశాడు. వేడి మీటరు ముల్లు ఎగిరి 'ఆపు' మీద పడింది. లైట్లు తీస్తే దిగింది. వేస్తే మళ్ళీ ఎక్కింది.

వీరబాబు పగలబడి నవ్వాడు. "లైట్లేస్తే ఇంజను ఉడికిపోతందా! భలే మీటరే!"

చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆ నవ్వులు పెదబాబుకు వినపడలేదు గానీ ముఖాలు కనపడ్డాయి. ఇంజను ఆపేసి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. దుర్గాశ్రీకి చెవులు వేడెక్కాయి. టెస్టరు తీసి, బానెట్ ఎత్తమంది.

భోజనాల వేళ దాటిపోయింది. మీటరు తీసి వేరే మీటరు పెట్టింది, అదీ ఎగిరింది. సెన్సారు మార్చింది, ఫలితం లేదు. వైర్లన్నీ ఒక్కొక్కటిగా టెస్టరుతో చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సత్యవతమ్మ పెరుగన్నం కలిపి గిన్నెలో తెచ్చి, కారు ఫెండరు మీద పెట్టి వెళ్ళింది.

రెండు ముద్దలు తింటూ ఆలోచించింది దుర్గాశ్రీ. చెరువు గట్టు మీద ఇలాంటిది ఎక్కడ చూసింది? ఒక మోటారు వేస్తే దానికి సంబంధమే లేని పక్క మీటరు ఊగేది. అలా ఊగిన ప్రతిసారీ తప్పు మీటరుది కాదు, ఎర్త్‌ది. ఉప్పుగాలి ఆ ఎర్త్ తీగను తినేసి ఉండేది.

గిన్నె కింద పెట్టి కారు కిందికి దూరింది. ఇంజనుకూ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంది. పైకి బాగానే కనపడింది. వేళ్ళతో నలిపితే లోపలంతా పచ్చగా పొడి రాలింది. పాతికేళ్ళ యానాం గాలి దాన్ని లోపల్లోపలే తినేసింది. కరెంటు తిరిగి వెళ్ళడానికి సరైన దారి లేక, లైట్ల బరువు మీటరు మీద పడుతోంది.

జంపరు కేబులు తెచ్చి బేటరీకీ ఇంజనుకూ కలిపింది. "బాబాయ్‌గారిని లైట్లు వెయ్యమనండి" అని అరిచింది కారు కిందనుంచే. ఎవరో సైగ చేశారు. లైట్లు వెలిగాయి.

"ముల్లెక్కడుంది?"

జవాబు చెప్పింది వీరబాబు. "'బాగుంది' మీదుంది" అన్నాడు నెమ్మదిగా. "కదల్లేదు."

లావుపాటి కొత్త రాగి తీగ వేసి, బిగించేచోట ఇనుము తళతళలాడేదాకా గీకి, గ్రీజు పూసి బిగించింది. ఇన్నాళ్ళూ పొద్దున్నే బరువుగా మూలుగుతూ స్టార్టయ్యే ఇంజను, ఈసారి తాళం అలా తిప్పగానే అందుకుంది. వీరబాబు వంగి ఆ పాత పట్టీని చేతిలోకి తీసుకుని, విరిచి, రాలిన పచ్చపొడి చూసుకుంటూ నిలబడ్డాడు.

* * *

పని అయిపోయినట్టే. కానీ సత్యవతమ్మ అడిగింది మాత్రం దుర్గాశ్రీ మనసులోంచి పోలేదు.

ఒకరోజు షెడ్డులో ఓ రైతు ఫోను టేబులు మీద పెట్టి బేరమాడుతున్నాడు. ఫోను మోగకుండా వణుకుతూ, పాకుతూ వచ్చి టేబులు అంచు నుంచి కింద పడబోయింది. దుర్గాశ్రీ చెయ్యి చాచి పట్టుకుంది. అరచేతిలో అది గిలగిల్లాడింది. "మీ పని రేపు చూస్తానండీ" అని ఆయన్ని పంపేసి, చిన్న మోటారు ఒకటి వెతికి తీసింది. దాని ఇరుసుకు ఒక పక్కే బరువుండేలా ఇనపముక్క అతికించింది. తిప్పి చూస్తే బల్లంతా దడదడలాడింది.

దాన్ని డ్రైవరు సీటు కింద బిగించింది. కాలింగ్ బెల్లు స్విచ్చు ఒకటి పొడవాటి వైరుకు కట్టి, ముందు సీటులోనైనా వెనక సీటులోనైనా చేతికందేలా పెట్టింది. స్విచ్చు నొక్కితే సీటు వణుకుతుంది, ప్యానెల్ మీద నాలుగు మీటర్ల కింద ఎర్రదీపం వెలుగుతుంది. దీపం కింద ఏం రాయాలని పెదబాబును అడిగింది.

ఆయన చాలాసేపు ఆలోచించలేదు. మార్కరు తీసుకుని, వంకర టింకర అక్షరాలతో 'సత్యవతి' అని రాసిచ్చాడు. ఆమె దాన్ని సరిచెయ్యకుండా, ఆ చేతిరాతనే ఉన్నదున్నట్టు స్టిక్కరు కోయించి అతికించింది.

సత్యవతమ్మను పిలిచి, కారెక్కనక్కర్లేదు, కిటికీలోంచి ఇది ఒక్కసారి నొక్కండి చాలు అంది. పెదబాబు ముందుకు చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఆవిడ అనుమానంగా స్విచ్చు నొక్కింది. పెదబాబు ఉలిక్కిపడి, దీపం చూసి, చటుక్కున భార్య వైపు తిరిగాడు.

"ఏటే?"

"ఏం లేదు" అంది సత్యవతమ్మ.

ఆయన అటు తిరిగాక మళ్ళీ నొక్కింది. మళ్ళీ తిరిగాడు. "ఏటే సత్యవతీ?" ఆవిడ ఈసారి కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత కారు తలుపు తీసి లోపల కూర్చుంది.

"చింతూరులో మా చెల్లెలు పద్మావతి మనవరాలి బారసాల. వచ్చే ఆదివారం. ఈ బండిలోనే వెళ్దాం. నువ్వు కూడా రావాలమ్మాయ్."

అది విని వీరబాబు తల పట్టుకున్నాడు. "చింతూరంటే మారేడుమిల్లి ఘాటీ ఎక్కాలి. ఆటలనుకున్నారా? నేనూ వస్తాను. ఆగిపోతే తొయ్యడానికి ఒకడుండాలి కదా."

* * *

ఆదివారం తెల్లవారుతుండగా బయల్దేరారు. ముందు సీట్లో వీరబాబు, వెనక సత్యవతమ్మ, దుర్గాశ్రీ. రాజమండ్రి దాటి, గోకవరం దాటి, రంపచోడవరంలో టీ తాగారు. పెదబాబు చూపు రోడ్డు మీద, అద్దంలో, ప్యానెల్ మీద వరసగా తిరుగుతూనే ఉంది. ముల్లు పాట వదిలి కేక వైపు జరిగితే గేరు మార్చేవాడు, గురకలోకి జారితే మార్చేవాడు. నలభై ఏళ్ళ చెయ్యి ఎక్కడా తడబడలేదు.

మారేడుమిల్లి దాటాక మలుపులు మొదలయ్యాయి. ముందు ఓ లారీ రొదపెడుతూ ఎక్కుతోంది. వీరబాబు ఆ ఘాటీలోనే తను ఒకప్పుడు జీపు గేరుబాక్సు దించిన కథ చెబుతున్నాడు. సత్యవతమ్మ కునుకు తీస్తోంది. దుర్గాశ్రీ కిటికీలోంచి వెదురుపొదలు చూస్తోంది.

ఉన్నట్టుండి పెదబాబు ఇండికేటరు వేసి, మలుపు దగ్గర రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీసి ఇంజను ఆపేశాడు.

"ఏమైంది? ఎందుకాపేడు?" అన్నాడు వీరబాబు. "ఏ చప్పుడూ రాలేదే!"

పెదబాబు వేలితో ప్యానెల్ చూపించాడు. "బేటరీ ముల్లు 'తరుగుతోంది' మీద పడింది. బెల్టు పోయింది."

"వేడి బాగానే ఉందిగా!"

దుర్గాశ్రీ దిగి బానెట్ ఎత్తింది. ఫ్యాను బెల్టు తెగి, పేలికలై, కప్పీకి వేలాడుతోంది. ఆ ఒక్క బెల్టే బేటరీనీ నింపాలి, ఇంజనుకు నీళ్ళూ తిప్పాలి. తెగిన క్షణాన మొదట చెప్పేది బేటరీ ముల్లే. ఇంకో రెండు మలుపులు ఎక్కి ఉంటే ఇంజను మళ్ళీ ఉడికిపోయేది. వేడి మీటరు ముల్లు ఇంకా 'బాగుంది' దాటలేదు.

వీరబాబు తెగిన బెల్టు చేతిలోకి తీసుకున్నాడు. రెండు చెవులూ బాగున్న మనిషి, ముప్ఫై ఏళ్ళుగా బళ్ళు బాగుచేస్తున్న మెకానిక్కు, ముందు సీట్లోనే కూర్చుని జీపు కథ చెబుతూ ఉండిపోయాడు. ఆయన పెదబాబు భుజాన్ని గట్టిగా నొక్కాడు. తర్వాత చొక్కా విప్పి, డిక్కీలోంచి కొత్త బెల్టూ పానాలూ తీసుకుని, "నువ్వు కూర్చో, ఇది నా పని" అని సైగ చేశాడు.

అరగంటలో బండి కదిలింది. బేటరీ ముల్లు లేచి 'నిండుతోంది' మీద నిలబడింది. ఒక్కో మలుపూ తిరుగుతూ, ఆకుపచ్చ పట్టీ వదలకుండా, అంబాసిడర్ ఘాటీ పైకెక్కింది. పైన రోడ్డు చదునైనచోట కొండలు వరసకట్టి నీలంగా కనపడ్డాయి. ప్యానెల్ మీద ఎర్రదీపం వెలిగింది. పెదబాబు బండి నెమ్మది చేసి వెనక్కి తిరిగాడు.

"ఏటే?"

సత్యవతమ్మ కిటికీలోంచి కొండలు చూపించింది. ఆయన చూశాడు. చూసి, రోడ్డంతా వినపడేలా, "భలే ఉన్నాయే!" అని అరిచాడు.

చింతూరులో పద్మావతి ఇంటి ముందు కారు ఆగగానే చుట్టాలందరూ మూగారు. పిల్లలు తలలు లోపల పెట్టి గురక, పాట, కేక అని పైకి చదువుతూ ఒకటే నవ్వు. రెండేళ్ళుగా బావగారు ఇల్లు కదలరనుకున్న పద్మావతి, వాకిట్లోనే అక్కను పట్టుకుని ఏడ్చేసింది. భద్రాచలం రూట్లో వ్యాను తోలే చుట్టం ఒకాయన ప్యానెల్ ముందు వంగి, అంచులు తడిమి చూసి, ఇది ఏ కంపెనీదని సైగ చేశాడు.

"కంపెనీ కాదు!" పెదబాబు గొంతుకు పందిట్లో వాళ్ళందరూ తిరిగి చూశారు. దుర్గాశ్రీ చెయ్యి పట్టి ముందుకు తెచ్చాడు. "మా యానాం దుర్గాశ్రీ! రేకు కోసింది, తూట్లు వేసింది, రాత రాసింది, అన్నీ ఈ అమ్మాయే!"

అంతమంది ఒక్కసారి తనవంక చూస్తుంటే దుర్గాశ్రీకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వ్యాను ఆయన ఫోను తీసి ఆమె నెంబరు రాసుకున్నాడు. ఆయన వెనక ఇంకొకాయన, తన ట్రాక్టరుకు కూడా ఇలాంటిది అవుతుందా అని అడిగాడు. అవుతుందండీ అంది. ఆ మాట ఆమె నోట్లోంచి ఏ జంకూ లేకుండా వచ్చింది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో సత్యవతమ్మ అందరికంటే ముందు వచ్చి ముందు సీట్లో కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని, మీటర్లు ఒక్కొక్కటీ చదువుకుని, స్విచ్చు ఒళ్ళో పెట్టుకుంది. వెనక సీట్లో పనసకాయకూ విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టకూ మధ్య ఇరుక్కుని కూర్చున్న వీరబాబు, బండి ఊరు దాటాక పక్కనున్న దుర్గాశ్రీ వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నా దగ్గరకొచ్చే బళ్ళన్నీ మన ఉప్పుగాలిలో తిరిగేవే. ఆ ఎర్త్ తీగ పోయిందని చూడకుండానే ఎలా కనిపెట్టేవో కొంచెం వివరంగా చెప్పు."

దుర్గాశ్రీ సంచిలోంచి నోటు పుస్తకం తీసి, ఖాళీ పేజీ తిప్పి, ముందు బేటరీ బొమ్మ గీసింది. "ఇక్కణ్ణుంచి బయల్దేరిన కరెంటు మళ్ళీ ఇక్కడికే రావాలి మావయ్యగారూ" అంటూ మొదలుపెట్టింది. వీరబాబు జేబులోంచి కళ్ళజోడు తీసి, పనసకాయ పక్కకు జరిపి, వంగి చూశాడు.